కత్తి వాదర – చేతి వాటము
(వార్షిక మహాసభయందు జదివిన యుపన్యాసము)



నల్లమల చఱియల క్రింద, భవనాశినీ తీరమున, నవనారసింహులు వెలసిన యీ యహోబిల క్షేత్రమునందు మన సభ గూడుట మిక్కిలి సంతోషకరము. స్వామి హిరణ్యకశిపుని జీల్చినది ఖడ్గముతో గాదు, గోళ్లతో. గోళ్లు దీయువారికిని, కత్తి పట్టువారికిని సభ జేసికొనుటకు ఇంతకంటె దగిన తావు దొరకదని మేము పరిహాసమున కనుకొనుచుందుము.

సభలలో విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, శాసనసభలయందు ప్రాతినిధ్యమును గూర్చియు జెప్పువారు మనలో పెక్కండ్రు గలరు. వారి మాటలు మనకు మిక్కిలి యవసరములు. కాని కత్తిని గూర్చి మాటలాడువారు మాత్రము నానాటికి తగ్గిపోవుచున్నారు. తండ్రి పొది యటకమీద దుమ్ము పట్టి పడియుండగా కుమారుడు దాని నడుగను గూడ సిగ్గుపడుచున్నాడు. అందుచేత మాకు లభించిన యీ కొంచెము కాలమును వేఱొక విషయమునకు బెట్టక, మంచి క్షౌరమనగా నేమి, అది యెట్లు కుదురును అను దానికే వినియోగింపదలచితిమి. పోషక మహాశయులు గూడ విందురు గాక. కత్తి మాది యైనను గడ్డము మీదియే గదా!

ముందుగా ఉక్కు మాట. మన పొదులలోని పాతకత్తులపై షెఫీల్డు, సోలింజెను మున్నగు విదేశ పట్టణముల ముద్రలుండుట చూచి, క్షురవిద్యలో మంచి సాధనమంతయు సముద్రము దాటి వచ్చినదని మన పిల్లలు తలంచుచున్నారు. షెఫీల్డునందు హంట్స్‌మను అను నతడు మూసలో ఉక్కును గరగించు పద్ధతిని 1740 ప్రాంతమున నెలకొల్పెను. కాని అంతకు జాలకాలము ముందే తెలుగుదేశమున మూసలలో ఉక్కు వండుచుండిరి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రపు టుక్కును గొనిపోవుటకు పారసీక వర్తకు లక్కడికే వచ్చుచుండిరి. ఐరోపా వారు దీనిని వూట్జు అనిరి; మన ‘ఉక్కు’ అను మాటయే వారి నోట నట్లు మాఱినదని పండితు లనుచున్నారు. విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన మైకేలు ఫారడే కమ్మరి కుమారుడు. అతడు 1819లో ఈ యుక్కును విశ్లేషించి, స్టోడార్టు అను కత్తులపనివానితో గూడి దాని మర్మమును గనుగొన నెన్నియో ప్రయోగములు సలిపెను. ఆ ప్రయోగములలో బుట్టిన లోహముతో క్షురములు చేయించి మిత్రులకు బహూకరించెనట! గడ్డము గీయు కత్తి యంత గొప్ప శాస్త్రజ్ఞునకు దక్కువ వస్తువుగా దోపలేదు. ఈ మాట మన యువకులు గుర్తుంచుకొనవలెను.

ఉక్కు మంచిదైనంతమాత్రమున చాలదు. దానికి వాదర దీయవలెను. మన సానరాయి పూర్వము కురువిందపు పొడిని లక్కతో గలిపి చేయబడుచుండెను. ఆంగ్లేయులు కోరండమని పిలుచు ఖనిజమిదియే. వారి పేరును మన దక్షిణ దేశపు మాటనుండియే పుట్టినది. ఈ నంద్యాల సీమ నాపరాళ్ల సీమ. బేతంచెర్ల బండలు దేశమంతట ఇండ్లలో బఱచుకొనుచున్నారు. ఐనను ఆ రాయి సున్నపు జాతిది, ఉక్కుకంటె జాల మెత్తనిది. నేలకు మేలే గాని, క్షురమున కది సాన గాజాలదు.

నూఱునపుడు కత్తి వెన్నును వాదరయు రెండును రాతి నంటియే యుండవలెను. వెన్ను లేచినచో వాదర మొద్దుకోణముగా నరిగి చెడును. క్షురము చేసిన వాడు వెన్ను మందమును, అలుగు వెడల్పును ఒకదానికొకటి సరిపఱచి యుంచును. రాతిమీద జదునుగా బెట్టిన చాలును, కోణము దానంతట నదియే కుదురును. పాత పనివారు లెక్కలు చదువకయే తెలిసికొనిన సంగతి యిది. రాతిమీద వాదర ముందుగా నడువవలెను; తోలుపట్టెమీద వెన్ను ముందుగా, వాదర వెనుకగా నడువవలెను. మఱచి తోలుమీద వాదరను ముందు నడిపిన పిల్లవాడు తోలును గోయును, కత్తిని జెఱచును. రాయి నెలల కొకమాఱు; తోలు మాత్రము క్షౌరక్షౌరమునకు. నలువది యేబది మార్లు త్రిప్పి త్రిప్పి రాచినగాని వాదర చక్కబడదు. కంటికి గానరాని యా సన్నని యంచు ఒక గడ్డము గీయగనే అటునిటు వంగిపోవును. తోలు దానిని నిలువబెట్టును. కఠోపనిషత్తు మోక్షమార్గమును క్షురధారతో బోల్చినది. ఋషు లెట్టి పదునుగల కత్తిని జూచి యామాట యనిరో గాని, తోలు రాయని కత్తిని జూచి మాత్రము కాదు.

ఇంతవఱకు జెప్పినది విని, మంచి క్షౌరమంతయు వాదరలోనే యున్నదని మీరనుకొందురేమో. మా యభిప్రాయమది గాదు. వాదర చెంపను దాకుటకు ముందే క్షౌరములో ముప్పాతిక వంతు తేలిపోవును. అది నీటి పని.

పొడి వెండ్రుక గట్టిది. అది నీరు త్రాగి యుబ్బినప్పుడు మెత్తబడి, కొలది బలమునకే తెగును. అందుకు రెండు మూడు నిమిషములైన బట్టును. గోరువెచ్చని నీరైన మఱియు మేలు. గడ్డముమీది చెమట, జిడ్డు ముందుగా గడిగిననే గాని నీరు వెండ్రుకలోని కెక్కదు. సబ్బు లేని కాలమున మన పెద్దలు గిన్నెలో చల్లని నీరు బెట్టుకొని, అరచేతితోను వ్రేళ్లతోను గడ్డమును ఎంతసేపో మర్దనము చేయుచుండిరి. చూచువారికది కాలహరణముగా దోచెడిది. కూర్చున్నవానికి నిద్ర వచ్చెడిది. కాని క్షౌరమందే కలదు. వ్రేళ్లు గడ్డముపై దిరుగునప్పుడు వెండ్రుక యే దెసకు వాలియున్నది, ఎక్కడ సుడి తిరిగినది, ఎక్కడ మొటిమ యున్నది, ఎక్కడ పాతమచ్చ యున్నది అను సంగతులన్నియు చేతికి దెలియును. నేడు నురుగు డబ్బాలోనుండి వచ్చుచున్నది. నొక్కిన చాలును, ముఖమంతయు తెల్లబడును. తెల్లబడుట వేఱు, తడియుట వేఱు. అరనిమిషమున నురుగు పూసి కత్తి పెట్టినవాడు ఎంత పదును కత్తి పట్టినను మంట పుట్టింపక మానడు. ఆ మంటకు కత్తిని నిందించును.

పిమ్మట ఎడమచేయి. క్షౌరమును జూచువారందఱు కుడిచేతిని జూతురు. పని తెలిసినవాడు ఎడమచేతిని జూచును. చర్మమును బిగువుగా లాగి పట్టిన గాని కత్తి సాఫీగా నడువదు. ముడతలో వాదర దిగును, నెత్తురు చిందును. ఐతే గట్టిగా నదిమిపట్టినచో కూర్చున్నవాడు బిగుసుకొనును. మన కులమున నాదస్వరము పట్టువారనేకులు గలరు. రంధ్రములమీద వ్రేలు మూసియు మూయనట్లుండు నా తేలిక యేదో, చెంపమీద నుండవలసినదియు నదియే. డోలు వాయించు చేతితో చెంప పట్టరాదు!

కత్తిని చెంపకు రమారమి ముప్పది యంశల కోణమున నుంచవలెను. మిక్కిలి వాల్చినచో వెండ్రుకను లాగును. మిక్కిలి నిలిపినచో చర్మమును గీఱును. బరువంతయు కత్తిదే గాని చేతిది గారాదు. మొదటి మాఱు వెండ్రుక వాలిన దెసగానే పోవలెను. చెంపమీద నది క్రిందికే యుండును, మెడమీద నట్లుగాదు. కొందఱికి ప్రక్కకు, కొందఱికి పైకి, కొందఱికి రెండు ప్రక్కల రెండు విధముల నుండును. మెడను మొదట జేతితో జదువక కత్తి పెట్టుట దారి దెలియక చీకటిలో నడుచుటయే. రెండవ మాఱు మరల తడిచేసి అడ్డముగా గీయవచ్చును. ఎదురుగొఱుగుట యను మూడవది అందఱికి దగదు. నున్నగా నుండవలెనని పట్టుబట్టువారికి, ముఖ్యముగా వెండ్రుక వంకీ తిరిగినవారికి, ఎదురుగొఱిగినచో తెగిన మొన చర్మములోపలికే వంగి పెరిగి పొక్కులు లేచును. ‘ఇంక చాలునండి’ యని చెప్పగలిగినవాడే మంచి పనివాడని మా తాత్పర్యము. వెండ్రుక దినమునకు మిల్లీమీటరులో మూడవవంతు పెరుగును. ఎల్లుండి కెట్లును మరల రావలసినదే.

దవడమూల, క్రిందిపెదవి క్రిందిగుంట, గొంతుముడి, ఈ మూడును పరీక్షాస్థానములు. గొంతుముడిపై నేరుగా కత్తి పెట్టరాదు. చర్మమును ప్రక్కకు లాగి, మెత్తని చోటికి దెచ్చుకొని గీయవలెను. పండ్లూడిన వృద్ధులకు చెంపలు గుంటలు పడియుండును. వారిని చెంప నుబ్బింపుమని కోరవలెను. వారికి బోసినవ్వు వచ్చును, పనియు సులభమగును.

ఇక నీ క్షేత్రమునకు సంబంధించిన క్షౌరమొకటి గలదు. అహోబిలమునకు మ్రొక్కుబడులు దీర్ప వచ్చువారు స్వామికి తలనీలాలు సమర్పింతురు. ఫాల్గుణ బ్రహ్మోత్సవములనాడు ఎండలు ముదురుచుండును, జనము క్రిక్కిఱిసి యుండును. రాత్రియెల్ల ప్రయాణము చేసి వచ్చిన వాని తల నూనెతోను, దుమ్ముతోను, చెమటతోను నిండియుండును. తొందర మిక్కుటము. నీటి కక్కడ వ్యవధి లేదని మనవారు మొఱపెట్టుచుందురు. దానికి మేము చెప్పునది యొకటే: ఒకరి తల గొఱుగుచుండగా తరువాతి యిద్దఱిని తల తడుపుకొని కూర్చుండుమని చెప్పవలెను. వారికిని కాలము గడచును, వెండ్రుకయు నానును.

తల గడ్డము వంటిది గాదు. చర్మము క్రింద మెత్తదనము లేదు, ఎముక యున్నది, గుండ్రనిది. పొడుగు గీతలు దానిమీద బనికిరావు. సుడినుండి నొసటివైపునకు, పిదప ప్రక్కలకు, కడపట మెడవైపునకు చిన్న చిన్న గీతలుగా దిగవలెను. చెవి వెనుకటి గుబ్బకడ చెవిని మడచి పట్టనివాడు తఱుచుగా దానినే గోయును.

పుట్టువెండ్రుకలు దీయుట అన్నిటికంటె గడ్డుపని. తల్లియొడిలోని బిడ్డ క్రొత్తముఖమును జూచి గుక్కపట్టి యేడ్చును, తల త్రిప్పును. బిడ్డల మాడు సామాన్యముగా ఏడాది మొదలు ఏడాదిన్నర లోపల గట్టిపడును. అంతవఱకు నడినెత్తిన నెముక కలిసియుండదు, పలుచని పొర మాత్రమే యుండును. అక్కడ కత్తిబరువు గూడ నానించరాదు. ముందు కత్తెరతో పొట్టిచేసి, బాగుగా దడిపి, ఎడమయరచేతిలో తలను నిలిపి, బిడ్డ యూపిరి దీసికొను సందున నొక్కొక్క గీత దీయవలెను. తల త్రిప్పినప్పుడు చేయి తలతోగూడ దిరుగవలెనే గాని తలను బలిమిని నాపరాదు. తల్లి కన్నులు మన చేతిమీదనే యుండును. ఒక తలకు రెండు తలల కాలము బట్టినను బట్టనిండు.

తలకింతయని ప్రతిఫలమున్నచోట వేగమే గెలుచును. 2024 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దేవాలయములందు కేశఖండనము చేయు నాయీబ్రాహ్మణులకు నెలకు కనీసము 25,000 రూపాయలు ముట్టునట్లు చేయుదుమని ప్రకటించినది. అట్టి భరోసా చిన్నచిన్న గుడులయందు గూడ గలిగినపుడు బిడ్డ తలకు గావలసిన నిదానము పనివానికి గలుగును. ఈ సంగతి పోషకులు గ్రహింపవలెనని కోరుచున్నాము.

ఇప్పుడు వినుటకు గొంచెము చేదైన మాట. ఇంతసేపు మేము పొగడిన సానకత్తిని ఒకరి గడ్డమునుండి మఱియొకరి గడ్డమునకు ద్రిప్పుట నేడు చెల్లదు. పాతకాలపు కత్తి యూరంతటికి నొక్కటే. కంటికి గానరాని గాటునుండియు నెత్తురు చెమర్చును. హెపటైటిస్-బి యను కాలేయవ్యాధిని గలిగించు సూక్ష్మజీవి శరీరము వెలుపల ఏడుదినములైనను బ్రదికియుండగలదని వైద్యులు నిర్ధారించిరి. కత్తిని నీటిలో జాడించి తువాలున దుడిచినంత మాత్రమున నది చావదు. పటిక మాటయు నిట్టిదే. పటిక నెత్తురు నాపును, నిజమే. కాని ఒకే పటికగడ్డను పదిముఖములపై రుద్దినచో కత్తి చేయు కీడునే యదియు జేయును. పటికను పొడిచేసి, చిటికెడు తీసి, క్రొత్తదూదితో నద్దవలెను. కుంచెను గూడ మనిషి మనిషికి గడిగి మరిగించవలెను. కాదేని చేతితోనే నురుగు పట్టింపవలెను. మఱియు మన పనివారందఱు ఆ వ్యాధికి గల టీకాను వేయించుకొనవలెను. గాటు పడునది పోషకునికి మాత్రమే కాదు, మన వ్రేలికిని పడును.

అందుచేత బ్లేడును సగముగా విఱిచి పిడిలో బెట్టి యొకరికి వాడి పాఱవేయు కత్తి వచ్చినది. తిరుమల కళ్యాణకట్టయందును అదియే వాడుక. అమెరికాలో జిల్లెట్టు అను నతడు 1901లో సంస్థ స్థాపించి, 1904లో హక్కుపత్రము పొంది, పాఱవేయు బ్లేడును లోకమంతట వ్యాపింపజేసెను. మంగలి యవసరము లేకుండ ఎవరి గడ్డము వారు గీసికొనుటకై పుట్టిన బ్లేడు, సగమై వచ్చి మన కత్తిలోనే కూర్చుండుట విచిత్రము గదా! దీనిని జూచి పెద్దలు కొందఱు, ‘నూఱుట పోయినది, విద్య పోయినది’ అని దుఃఖించుచున్నారు. వాదర కర్మాగారమునకు బోయినది, నిజమే. నీరు పోలేదు, ఎడమచేయి పోలేదు, మెడమీది సుడిని జదువు వ్రేలు పోలేదు. పైగా నీ బ్లేడు సానకత్తికంటె తేలిక, మిక్కిలి వాడి. దాని కంచు మాత్రమే గాని బరువు లేదు. బరువులేని కత్తికి చేతి బలము జోడింపబోయినవాడు కోయును. కావున చేతివాటము నేడు పూర్వముకంటె నెక్కువ గావలసియున్నది. సానకత్తిపై మక్కువ గల పోషకులు తమ కొఱకు వేఱుగా నొక కత్తి కొని, పేరు వ్రాయించి, దానినే యుపయోగింప జేసికొనవచ్చును. ఆంగ్లేయ ప్రభువులు వారమున కేడు కత్తులు పెట్టెలో నుంచుకొనెడివారు. మన పోషకు లొక్కటి యుంచుకొనలేరా?

మఱియొక మాట చెప్పక విడువరాదు. మన పూర్వులు కొందఱి గడ్డములను దాకకుండిరి. ఊరి పెద్దల యాజ్ఞ యనిరి, ఆచారమనిరి. హరిజనవాడ వారికి మన కత్తి చేరలేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రూపుమాపినది. 1955 నాటి చట్టము ఆ కారణమున సేవను నిరాకరించుటను శిక్షార్హము గావించినది. చట్టము వచ్చి డెబ్బదియేండ్లయినను, ఏదో యొక పల్లెలో క్షౌరశాల తలుపు కొందఱికి మూసితి రను వార్త దేశమున నపుడపుడు వినబడుచునే యున్నది. పూర్వమన్న వెలివేతురను భయముండెను. ఇప్పుడా సాకు గూడ లేదు. మనలను తక్కువగా జూచుచున్నారని యీ సభలో తీర్మానములు చేయు మనము, మన కుర్చీలో గూర్చుండ వచ్చినవానిని దిగుమనుట యెట్లు? నీటికిని సబ్బునకును లేని భేదము కత్తి కెక్కడిది? మా మాట కటువుగా నుండిన నుండనిండు. సంఘమునకు దీనిపై నొక తీర్మానము చేయ దగునని మేము ప్రతిపాదించుచున్నాము.

లండనులో క్షురకులును శస్త్రవైద్యులును 1540 మొదలు 1745 వఱకు నొకే సంఘముగా నుండిరి. పిదప శస్త్రవైద్యులు విడిపోయి గొప్పవారైరి. ఈ ముచ్చట మన సభలలో గర్వముగా జెప్పుకొందురు. మాకు దోచున దేమనగా, విడిపోయినవారు పుస్తకము వ్రాసికొనిరి, పాఠశాల పెట్టుకొనిరి, చేతిపనిని పరీక్షించి యోగ్యతాపత్ర మిచ్చిరి. మన విద్య మాత్రము తండ్రి చేతినుండి కొడుకు చేతికి దిగి, కొడుకు పట్నము పోయిననాడు ఆగిపోవుచున్నది. కూతుళ్లకు నేర్పుద మన్నను పూర్వము నవ్విరి. తిరుమలలో స్త్రీలకు తలనీలాలు దీయుటకు స్త్రీలే నియమింపబడిన పిమ్మట ఆ నవ్వు తగ్గినది. కావున ప్రతి మండలములోను వారమున కొకపూట నేర్పు కేంద్రముండవలెను. ఆళ్లగడ్డలో నొకటి మొదలుపెట్టుటకు గది యిచ్చెదమని పోషకు లొకరు సభకు ముందే మాట యిచ్చిరి. కుర్చీలును అద్దములును సమకూర్పవలసి యున్నవి.

రేపు ప్రొద్దున నీ పందిరిలోనే వృద్ధ పనివారు మువ్వురు కూర్చుందురు. అటకలమీది పాతకత్తులు గలవారు తీసికొనిరండు; తుప్పు పట్టినవైనను సరియే. సానరాయి, తోలుపట్టె, నీళ్లగిన్నె సిద్ధముగా నుండును. బ్లేడ్లు మాత్రము క్రొత్తవి, మనిషికొకటి. గడ్డము పెంచుకొని వచ్చిన యువకులకు ముందు వరుసలో జోటు గలదు.